పావులూరి మల్లన చెప్పిన ఇరువది అంకెల సంఖ్య



 

నేటి ఉపన్యాసమునకు నేనెన్నుకొన్న విషయము పురాణగాథ కాదు, మంత్రార్థ విచారము కాదు. ఒకే ఒక్క సంఖ్య. అంకెలలో వ్రాసినచో అది ఇట్లుండును: 1,84,46,74,40,73,70,95,51,615. దేవాలయ మండపమున లెక్కల మాట యేల యని కొందరికి తోచవచ్చును. ఛందస్సు వేదాంగము, జ్యోతిషము వేదాంగము. రెండింటికిని లెక్కయే ఊపిరి. లెక్క లేనిదే పంచాంగము లేదు, పంచాంగము లేనిదే మన అరసవల్లిలో రథసప్తమి ఏనాడు వచ్చునో చెప్పువాడు లేడు. కనుక సంకోచము లేకుండ ప్రారంభించుచున్నాను.

ముందుగా ఈ సంఖ్యను చదువుట యెట్లో చూతము. మన తైత్తిరీయ సంహితలో అగ్నిచయన సందర్భమున, పేర్చిన ఇటుకలు పాడియావులు కావలెనని యజమానుడు ప్రార్థించుచు, ఒకటి మొదలు పదింతలుగా పరార్ధము వరకు సంఖ్యల పేర్లు చెప్పును. అచట పరార్ధమనగా ఒకటి ప్రక్కన పండ్రెండు సున్నలు. భాస్కరాచార్యులు 12వ శతాబ్దిలో లీలావతిని రచించునాటికి స్థానముల పేర్లు పదునెనిమిది యయ్యెను. పరార్ధము పదునేడు సున్నల వద్దకు జరిగెను. ఆ లెక్కను కూడ మన సంఖ్య దాటిపోవును. అది నూట ఎనుబది నాలుగు పరార్ధములకు పైమాట. మహావీరాచార్యులు మాత్రము 9వ శతాబ్దిలోనే తన గణితసారసంగ్రహమున మహాక్షోభము వరకు ఇరువది నాలుగు స్థానములకు పేర్లు పెట్టెను. ఆ మహావీరుని గ్రంథమును తెలుగు చేసినవాడే మన పావులూరి మల్లన.

మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందరు, ఆతని మనుమడు మల్లనయే గ్రంథకర్త యని కొందరు పండితులు వాదించిరి. ఏ పక్షమైనను 11, 12 శతాబ్దుల నడుమ మాట. గణితశాస్త్రమును తెలుగు పద్యములలో చెప్పిన తొలివాడతడు. జైనుడైన మహావీరుని ఉదాహరణములకు బదులు శైవసంప్రదాయమునకు తగిన ఉదాహరణములు కల్పించి, లెక్కలను మన ఇంటి లెక్కలుగా చేసినాడు. చదరంగపు గడులను రెట్టించుచు పోయినచో వచ్చు మొత్తమును చెప్పు చంపకమాల ఒకటి ఆతనిదిగా ప్రసిద్ధము.

చదరంగపు కథ మీరందరు వినియే యుందురు. ఆటను కల్పించిన బ్రాహ్మణునకు రాజు వరమీయబోయెను. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించి అరువది నాలుగు గడులు నింపుమని యతడు కోరెను. ఇంతేనా యని రాజు నవ్వెను. పిమ్మట గాదెలు చాలలేదు. కథలో రాజు పేరును, బ్రాహ్మణుని పేరును చెప్పువారిని బట్టి మారుచుండును. సంఖ్య మాత్రము మారదు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ తన కాలగణన గ్రంథమున ఈ మొత్తమును చివరి అంకె వరకు చెప్పెను. ఇటలీ దేశపు లియొనార్డో, ఫిబొనాచ్చి యని పేరుపొందినవాడు, 1202లో తన లెక్కల పుస్తకమున చదరంగపు రెట్టింపును చర్చించెను. వారు గద్యములో చెప్పినదానిని మనవాడు ఛందోబద్ధము చేసినాడు.

పద్యమును ఇచట చదువను. పెద్దలలో పెక్కురకు అది కంఠస్థమే. దాని కట్టడమును గూర్చి మాత్రము చెప్పెదను, ఏలయనగా నేటి విషయమంతయు ఆ కట్టడములోనే యున్నది.

అంకెలను అంకెలుగా చెప్పక, లోకమున అన్ని ఉన్న వస్తువుల పేర్లతో చెప్పుట భూతసంఖ్య. చంద్రుడొక్కడు గనుక ఒకటి, అగ్నులు మూడు, మన్మథుని బాణములు ఐదు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, ఆకాశము శూన్యము గనుక సున్న. అంకెల నడక కుడినుండి ఎడమకు. అనగా ముందు చెప్పినది ఒకట్ల స్థానము. ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నేటి శ్రీముఖలింగమే నాటి కళింగనగరమని చరిత్రకారులు చెప్పుదురు. అచటినుండి ఏలిన గాంగరాజులు తమ పట్టాభిషేక వత్సరములను శాసనములలో ఈ తీరుననే చెక్కించిరి. వజ్రహస్తుని పట్టాభిషేకమునకు ఆకాశము, ఋతువులు, నిధులు అను పేర్లు వాడిరి: సున్న, ఆరు, తొమ్మిది, త్రిప్పి చదివిన శకవర్షము 960, అనగా క్రీ.శ. 1038. అనంతవర్మ చోడగంగునిది మరియు సొగసైనది. శకవర్షము 999. ఒకే అంకె మూడుమారులు రాగా, కవి దానిని నందులని, రంధ్రములని, గ్రహములని మూడు వేరు పేర్లతో పలికినాడు. అది క్రీ.శ. 1078.

మల్లన పద్యములోని ఇరువది అంకెలలో చంద్రుడు మూడుమారులు వచ్చును, పర్వతము మూడుమారులు, బాణము మూడుమారులు, ఆకాశము రెండుమారులు. నాలుగు అను అంకె నాలుగు చోట్ల రాగా, రెండు చోట్ల సముద్రమును, ఒకచోట వేదమును, ఒకచోట బ్రహ్మముఖములను వాడినాడు. సున్న మొదలు తొమ్మిది వరకు గల అంకెలలో ఒక్కటి మాత్రము ఈ సంఖ్యలో ఎచటను లేదు. అది రెండు. రెట్టింపు తప్ప వేరెరుగని సంఖ్యలో రెండు లేకపోవుట వినోదముగా నున్నది గదా! ఇందులో గూఢార్థము వెదకకుడు. కాకతాళీయము.

వృత్తము చంపకమాల యని చెప్పితిని. పాదమునకు ఇరువదియొక్క అక్షరములు, ఛందము ప్రకృతి. ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను గనుక, ఆ ఛందమున పుట్టగల వృత్తములు ఒకటిని ఇరువదియొక్క మారులు రెట్టించినన్ని: 20,97,152. చదరంగపు ఇరువది రెండవ గడిలోని గింజలును సరిగా ఇన్నియే. వానిలో చంపకమాల 7,11,600వది. దాని అక్క ఉత్పలమాల, కృతి ఛందమున 10,48,576 వృత్తములలో 3,55,799వది. చంపకమాల మొదటి రెండు లఘువులను కలిపి గురువు చేసిన ఉత్పలమాల యగునని మీకు తెలిసినదే. ఆ సంబంధము ఈ వరుస సంఖ్యలలో కూడ కనబడును. రెట్టింపుల మొత్తమును చెప్పు పద్యము, రెట్టింపుల వలననే లెక్కకు వచ్చు వృత్తములలో ఒకటై యుండుట నాకు ప్రీతికరమైన సంగతి.

ఇక ఈ సంఖ్యను సాధించుట యెట్లు? అరువది మూడు మారులు రెట్టించి, అన్నిటిని కూడవలెనా? అక్కరలేదు. పింగళాచార్యుల ఛందశ్శాస్త్రమున మార్గమున్నది. సంఖ్యను సగము చేయగలిగినపుడు సగము చేసి గుర్తుంచుకొని, తిరిగి వచ్చునపుడు వర్గము చేయవలెను. బేసియైనచో ఒకటి తీసి, తిరిగి వచ్చునపుడు రెట్టింపవలెను. అరువది నాలుగును సగము చేయుచు పోయిన 32, 16, 8, 4, 2, 1. ఆరు మెట్లు. కనుక రెండు మొదలుకొని ఆరు వర్గములు చేసిన చాలును: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, ఆరవది 1,84,46,74,40,73,70,95,51,616. ఇది అరువది అయిదవ గడి యుండినచో దానిలో పడవలసిన రాశి. మనకు కావలసినది అంతకుముందున్న గడులన్నిటి మొత్తము. ఒకటి, రెండు కూడిన మూడు. తరువాతి గడి నాలుగు. మూడు, నాలుగు కూడిన ఏడు. తరువాతి గడి ఎనిమిది. ఏ గడియైనను తనకు ముందున్నవాని మొత్తము కంటె సరిగా ఒకటి ఎక్కువ. కనుక ఆరవ వర్గమునుండి ఒకటి తీసివేయుదము. చివరి అంకె 6 పోయి 5 అగును. మల్లన సంఖ్య వచ్చినది.

చమకము నిత్యము వినువారికి ఒక మాట. పదునొకండవ అనువాకమున ఒకటి, మూడు, ఐదు అని ముప్పది మూడు వరకు బేసి సంఖ్యలు పదునేడు వచ్చును. మెట్టునకు రెండు చొప్పున కూడిక. వాని మొత్తము 289, పదునేడు వర్గము. అదే పద్ధతిని అరువది నాలుగు మెట్లు ఎక్కినను మొత్తము 4,096 మాత్రమే. కూడుచు పోవుటకును, రెట్టించుచు పోవుటకును గల అంతరము ఇంత. మొదటి రెండు మెట్లు మాత్రము రెండు పద్ధతులలోను ఇంచుమించు ఒకటిగానే కనబడును. మోసమంతయు అచటనే యున్నది. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఒకనాడు మా పాఠశాల విద్యార్థి యొకడు నన్నడిగెను: "గురువుగారూ, తొమ్మిది వందల ఏండ్లుగా నోటనుండి నోటికి, ఆకునుండి ఆకునకు వచ్చిన పద్యము గదా. నడుమ ఎవరైన ఒక మాట మార్చియున్నచో మనకు తెలియుట యెట్లు?" మంచి ప్రశ్న. వేదమునకైనచో క్రమ, జట, ఘన పాఠములు కావలి కాయును. ఒక పదమును ముందుకు, వెనుకకు, ప్రక్క పదముతో కలిపి వల్లించుటచే జారిన స్వరము కూడ పట్టుబడును. పద్యమునకు యతిప్రాసలును గణములును కావలి. కాని బాణము స్థానమున గణము చెడని మరియొక మాట పెట్టినచో ఛందస్సు ఊరకుండును, అంకె మారిపోవును. అపుడు కావలి యెవరు?

సంఖ్యయే తనకు కావలి. చూడుడు.

రెట్టింపుల రాశులను తొమ్మిదిచే భాగింపగా మిగులు శేషములు 2, 4, 8, 7, 5, 1, మరల అవియే. ఆరింటికొకమారు తిరుగును. అరువదినాలుగవది అరువది పోగా నాలుగవదితో సమానము గనుక శేషము 7. ఒకటి తీసిన 6. ఇపుడు మల్లన చెప్పిన ఇరువది అంకెలను కూడుడు: 87. ఎనిమిది, ఏడు పదునైదు. ఒకటి, ఐదు ఆరు. సరిపోయినది. ఈ నవశేష పరీక్ష మనకు పాతదే. రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమున నున్నది. పదునొకటి పరీక్ష మరియొకటి. శేషములు 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1 అని పదింటికి తిరుగును. నాలుగవది 5, ఒకటి తీసిన 4. పద్యపు అంకెలను ఒకట్ల స్థానమునుండి ఒకటి విడిచి ఒకటి కూడిన 62, విడిచినవి కూడిన 25, భేదము 37, పదునొకట్లు పోగా 4. ఇదియు సరిపోయినది.

ఈ రెండు పరీక్షల బలము తెలియవలెనన్న, భూతసంఖ్యలో సందేహమునకు తావిచ్చు మాటలను చూడవలెను. సముద్రము నాలుగని గణితజ్ఞుల సంకేతము. పురాణములలో సముద్రములు ఏడు. పురాణము మాత్రమే చదివినవాడు రెండు సముద్రములను ఏడుగా గ్రహించినచో మొత్తము 93 అగును, నవశేషము 3. పట్టుబడినాడు. రంధ్రము మరియు చమత్కారము. దేహమునకు నవరంధ్రములు గనుక అది తొమ్మిది. చోడగంగుని శాసనములో చూచితిమి. కాని రంధ్రమనగా బోలు, బోలనగా సున్న యని ఒకడు అనుకొనవచ్చును. తొమ్మిది స్థానమున సున్న పడినపుడు నవశేష పరీక్ష గ్రుడ్డిది. తొమ్మిదులను ఎట్లును తీసివేయుచునే యున్నది గదా! అపుడు పదునొకటి పరీక్ష పట్టుకొనును: భేదము 28, శేషము 6, కావలసినది 4.

నేను చూచిన ఒక అచ్చుప్రతిలో ఈ సంఖ్య చివర 551615 అని యుండవలసినది 556115 అని యుండెను. ప్రక్కప్రక్క అంకెలు రెండు తారుమారైనవి. అంకెల మొత్తము మారదు గనుక తొమ్మిది పట్టుకొనలేదు. పదునొకటి పట్టుకొన్నది: భేదము 27, శేషము 5. ఒక అంకె తప్పినను, ప్రక్కప్రక్క అంకెలు తారుమారైనను ఈ రెండు పరీక్షలలో ఒకటైన తప్పక చెప్పును. ఒకటి విడిచి ఒకటి తారుమారైనచో రెండును మోసపోవును. అపుడు పదునేడుచే భాగించి చూడవలెను, శేషముండరాదు. ఏల యుండరాదో చెప్పెదను.

రెండు వర్గముల అంతరము వాని కూడికను భేదముచే గుణించిన లబ్ధము. ఇది బడిపిల్లలకును తెలిసిన సూత్రము. మన ఆరు వర్గములకు దీనిని వర్తింపజేయుదము. పదునారు వర్గమునుండి ఒకటి తీసిన, పదునేడును పదునైదును గుణించినట్లే. పదునైదు మరల ఐదు, మూడు. ఇట్లు ఆరు మెట్లు దిగిన, మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు సంఖ్యల గుణితముగా విడిపోవును. మూడు తప్ప మిగిలినవన్నియు వర్గమునకు ఒకటి చేర్చగా వచ్చినవే. మొదటి ఐదు ఇంక విడిపోవు. ఆరవది?

ఫ్రాన్సు దేశమున ఫెర్మా అను న్యాయాధికారి 17వ శతాబ్దిలో, ఇట్టి సంఖ్యలన్నియు విడిపోనివే యని నమ్మి, ఉత్తరములలో అట్లే వ్రాసెను. గొప్ప మేధావి. ఐదు సాక్ష్యములు చూచి ఆరవదానిని నమ్మినాడు. సుమారు వంద సంవత్సరములు ఎవ్వరును కాదనలేదు. 1732లో ఆయిలర్ 641చే భాగించి చూపెను: 641ని 67,00,417చే గుణించిన సరిగా 4,29,49,67,297. కాగితము పెట్టి గుణించి చూడుడు, పది నిమిషముల పని. గణితము నేర్చిన చిరంజీవులకు సులభమార్గము గూడ కలదు. 641 అనగా ఐదును 128చే గుణించి ఒకటి కూడినది. ఐదు చతుర్ఘాతమునకు రెండు చతుర్ఘాతమును కూడినను 641యే. ఈ రెండింటిని ఎదురెదురుగా పెట్టి ఆలోచింపుడు, భాగహారము లేకుండగనే తేలును.

కనుక మల్లన సంఖ్య ఏడు విడరాని సంఖ్యల గుణితము: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కటియు రెండుమారులు రాలేదు. వీనిలో పదునేడు 1796లో గౌస్ అను పంతొమ్మిదేండ్లు నిండని జర్మను యువకునకు కీర్తి తెచ్చినది. కొలతలు లేని బద్దతోను వృత్తలేఖినితోను పదునేడు సమభుజముల క్షేత్రమును గీయవచ్చునని యతడు నిరూపించెను. త్రాడును శంకువును పట్టి వేదిని కొలిచిన మన శుల్బసూత్రకారులు దీనిని విన్నచో సంతోషించియుందురు. వారికి ఇది ముందే తెలుసునని మాత్రము నేననను. తెలియనిదానిని తెలుసునని వారి కంటగట్టుట వారికి గౌరవము కాదు.

కంప్యూటరుల విషయముననూ ఇదే మాట. నేటి యంత్రములలో అరువది నాలుగు చిన్న గడులను ఒక వరుసగా పెట్టి, గడికి ఒకటో సున్నయో వ్రాయుదురు. లఘువు, గురువు వ్రాసినట్లే. ఋణచిహ్నము లేకుండ అట్టి వరుసలో పట్టగల మిక్కిలి పెద్ద సంఖ్య మల్లన చెప్పినదే. దానికి ఒకటి కూడిన అన్ని గడులును సున్నలగును. మీ జేబులలోని ఫోనులలో ఈ సంఖ్య హద్దురాయిగా నిలిచియున్నది. అంతమాత్రమున మల్లన కంప్యూటరును ఎరుగునని చెప్పుట హాస్యాస్పదము. సున్నకు తిరిగి వచ్చుటను చూచి పూర్ణమంత్రమును అతికించువారు కూడ కలరు, అదియు వలదు.

ఇపుడు గింజల మాట. గ్రామునకు ఏబది బియ్యపు గింజలనుకొందము. ఇరువదవ గడిలో పదిన్నర కిలోలు. సగము చదరంగము, అనగా ముప్పది రెండు గడులు నిండునప్పటికి సుమారు 86 టన్నులు. ఎనుబది కిలోల బస్తాలలో 1,073. నాగావళి ఒడ్డున ఒక మంచి గ్రామము ఆ మాత్రము తేగలదు. రాజు నవ్వుచునే యుండును. ముప్పది మూడవ గడినుండి కథ మారును. రెండవ సగము మొదటి సగమునకు 429 కోట్ల రెట్లు. మొత్తము సుమారు 36,900 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతయు ఏడాదికి పండించు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము పైన. ఇంచుమించు ఏడు వందల యేండ్ల పంట. వంశధార, నాగావళి మాత్రమే కాదు, గోదావరి, కృష్ణ, గంగ అన్నియు కలిసినను ఆ రాజు మాట నిలుపలేవు.

ఈ సంఖ్యలో నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచు గుణము మరియొకటి. ముందే చెప్పితిని: ఏ గడియైనను తనకు ముందున్న గడులన్నిటి కంటె ఒకటి ఎక్కువ. దీనిని బియ్యమునకు కాక మనుష్యులకు వర్తింపజేసి చూడుడు.

క్రిందటి యేడు మా వీధిలోని చిరంజీవి యొకడు, చదువుకొన్నవాడే, ఒక పథకమును నాకు వివరింప వచ్చెను. పదివేలు కట్టవలెనట. ఇద్దరిని చేర్చవలెనట. వారు చెరి యిద్దరిని చేర్తురట. తన క్రింద మనుష్యులు చేరుకొలది సొమ్ము వచ్చునట. "తాతగారూ, ఇద్దరే గదా, ఇద్దరు దొరకరా?" అనెను. ఇద్దరు దొరకుదురు. రాజు కూడ రెండు గింజలకు వెరవలేదు. నేను పలక యిచ్చి గడులు వేయుమంటిని. ఏడవ వరుసలో అరువది నలుగురు. వారికి పైన అందరు కలిసి అరువది ముగ్గురు. "ఇచట చేరిక ఆగిన, ఈ అరువది నలుగురి గతి యేమి?" అంటిని. "తాము ఇద్దరిద్దరిని చేర్తురు" అనెను. ఎనిమిదవ వరుస వేయించితిని. నూట యిరువది యెనమండుగురు. పైన నూట యిరువది యేడుగురు. ఎన్నవ వరుసలో ఆగినను ఇదే తీరు. మోసము చేయువాడు మంచివాడా చెడ్డవాడా యను విచారణ కూడ అక్కరలేదు. ఆ కట్టడములో చేరినవారిలో సగముకంటె ఎక్కువమంది చివరి వరుసలోనే యుందురు, వారి క్రింద ఎవ్వరును ఉండరు.

ఎంతదూరము పోవును? 2011 జనగణనలో నాటి మన శ్రీకాకుళము జిల్లా జనులు 27 లక్షలు. చంటిబిడ్డలతో సహా అందరును చేరినను ఇరువది రెండవ వరుస నిండదు. అది నిండుటకు 41,94,303 మంది కావలెను. వారమునకు ఒక వరుస చొప్పున అయిదు నెలలు. ముప్పది మూడు వరుసలకు దాదాపు 859 కోట్లమంది కావలెను. భూమిపై అంతమంది లేరు. 1978లోనే కేంద్ర ప్రభుత్వము ఇట్టి గొలుసుకట్టు ధనప్రసార పథకములను నిషేధించుచు చట్టము చేసినది. అయినను పేరు మార్చుకొని, సబ్బులని, మందులని, ఫోనులోని ఆటలని వచ్చుచునే యున్నవి. రిటైరైన ఉపాధ్యాయులు, కూతురు పెండ్లికి దాచుకొన్న తల్లులు వానిలో పోగొట్టుకొనుట మనము చూచుచున్నాము. ఆ చిరంజీవి పలకను చూచి చాలసేపు మాటలాడలేదు. అప్పటికే కట్టియున్నాడని తరువాత తెలిసినది.

అప్పుల సంగతియు ఇట్టిదే. రెట్టింపు కాకపోయినను, రెట్టింపునకు తమ్ముడు. పుట్టి ధాన్యమునకు ఏడాదికి అరపుట్టి వడ్డీ, వడ్డీకి మరల వడ్డీ అను షరతు వినుటకు పెద్దదిగా తోచదు. రెండేండ్లకు రెట్టింపును మించును. పదేండ్లకు 57 పుట్లు దాటును. భూమి పోవుటకు అంతకాలము కూడ అక్కరలేదు.

స్మృతికారులు ఈ నడకను ఎరిగియే కట్టుదిట్టము చేసిరి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున, ఒక్కమారుగా తీసుకొను వడ్డీ అసలుతో కలిసి రెట్టింపును మించరాదని విధి. బొంబాయి ప్రాంతపు న్యాయస్థానములు దామ్‌దుపట్ అను పేర దీనిని ఇటీవలి కాలము వరకు పాటించినవి. మన చదరంగపు బల్లమీద చెప్పవలెనన్న, అసలు మొదటి గడి. ఋణదాత రెండవ గడి దాటరాదు. ధాన్యము, పండ్లు, ఉన్ని, బరువు మోయు పశువులు, వీనికి మాత్రము ఐదు రెట్ల వరకు సడలింపు. అది మూడవ గడికిని నాలుగవ గడికిని నడుమ.

వేళ మించుచున్నది. ఆరు వర్గములను పలకపై చేసి చూడగోరు విద్యార్థులు ప్రసాదము తీసుకొని ఇచటనే కూర్చుండవలెను. ఐదవ వర్గమునుండి ఆరవదానికి పోవునపుడు చేయి తడబడును. అచట నేను ప్రక్కన ఉందును. సుద్దముక్కలు తెచ్చితిని.